రోజుకో బకెట్టు కలుపు

నా గొంతు పెద్దది. మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు. ఆడవాళ్లంతా వరసగా కూర్చుని బీడీలు చుట్టే చోట పెరిగినదాన్ని. అక్కడ మెల్లగా మాట్లాడితే పక్కనున్న మనిషికి కూడా వినపడదు. ఇక్కడ జర్మనీలో, ఈ బ్రెమెన్‌లో మాత్రం నా గొంతు అందరికీ బరువే. మేముండేది మూడో అంతస్తు. నేను ఫోన్లో మా అక్కతో మాట్లాడుతుంటే కింది ఇంటి ముసలావిడ చీపురు కర్రతో తన పైకప్పును టకటకా కొడుతుంది. అంటే నోరు మూసుకో అని.

నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. పదేళ్లదాకా కరీంనగర్ బడిలో చదివింది కాబట్టి తెలుగు రాయగలదు. తన మీద చెప్పే మాటలు కూడా తీసేయకుండా రాయాలని ముందే ఒట్టు పెట్టించుకున్నాను.

నా భర్త పోయి ఏడాదిన్నర దాటింది. ఏడుపుదేముంది, తలగడలో ముఖం పెట్టి చప్పుడు లేకుండా ఏడవచ్చు. నాకొచ్చింది ఏడుపు కాదు, కోపం. కోపాన్ని తలగడలో పెట్టి అరవలేం కదా. దానికి చోటు కావాలి. ఆ చోటు కోసమే ఈ కథంతా.

ఆయన వంటమనిషి. ముందు దుబాయిలో, తర్వాత ఇక్కడ ఒక ఇండియన్ హోటల్లో తందూరు పొయ్యి ముందు నిలబడి బతుకంతా గడిపాడు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, రేపు చూద్దాం. బాత్రూంలో బల్బు పోతే రేపు. కుళాయి కారితే రేపు. పళ్లు నొప్పి పెడితే రేపు. ఒక్క గార్టెన్, అంటే మా తోట, విషయంలో మాత్రం ఆ మాట రాలేదు. ఇక్కడ ఊరి చివర, రైలు పట్టాల పక్కన, చిన్న చిన్న తోటముక్కలు వరసగా ఉంటాయి. ఫెరైన్ అని ఒక సంఘం ఉంటుంది, వాళ్లు కౌలుకిస్తారు. చాలాకాలం ఎదురుచూస్తే మా ఇద్దరి పేర్ల మీద ఒకటి వచ్చింది. చుట్టూ చెట్లతో పెంచిన దడి, మూలకు ఒక చెక్కగది. ఆయన సెలవు దొరికితే చాలు, అక్కడే. గోంగూర, పచ్చిమిర్చి, ప్లాస్టిక్ కవరు కింద బెండ. ఇంట్లో మంచం కాలు ఊగుతున్నా పట్టని మనిషి, అక్కడ టమాట తీగకు కట్టిన దారం వదులైతే ఊరుకునేవాడు కాదు.

ఆ ఎండాకాలం మెట్లెక్కుతూ రెండో అంతస్తులో ఆగడం మొదలుపెట్టాడు. తాళంచెవి వెతుకుతున్నట్టు జేబులు తడుముకునేవాడు. తాళంచెవి నా చేతిలో ఉండేది. నా బిడ్డ నానా తిప్పలు పడి గుండె డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే చూపించుకునే తేదీ, సంపాదించింది. ఇక్కడ డాక్టరు టెర్మిన్ దొరకడమంటే మాటలు కాదు. తీరా చూస్తే ఆ రోజే ఫెరైన్‌కు మట్టి లారీ వస్తోందట. దించడానికి మనుషులు కావాలంటే ఈయన ముందే చెయ్యెత్తి వచ్చాడట.

“మాటిచ్చిన బిడ్డా. అందరు వచ్చి నేనొక్కన్ని రాకుంటే ఏమనుకుంటరు? ఆ టెర్మిన్ జర తర్వాతకు జరుపమను.”

నా బిడ్డ ఫోన్ చేసి జరిపించింది. నవంబరుకు ఇచ్చారు. ఆయన మట్టి దించాడు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం, నేను పోసిచ్చిన చాయ్ ఫ్లాస్కు పట్టుకుని గార్టెన్‌కు వెళ్లాడు. సాయంత్రం పక్క తోట ముసలాయన చెక్కగది తలుపు తెరిచే ఉందేమిటా అని తొంగిచూస్తే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడట.

ఆ తర్వాత నేను ఆ దిక్కుకు పోలేదు. వచ్చే వారం పోతా అన్నాను. చలి తగ్గనీ అన్నాను. మంచు కరగనీ అన్నాను. ఆయన పోతూ పోతూ ఆ రేపటి రోగాన్ని నాకంటించి పోయాడు. ఇంట్లో అంట్లు కూడా మధ్యాహ్నం దాకా అలాగే పడుండేవి. వాటిని చూసి కళ్లు మూసుకుని పడుకునేదాన్ని.

అట్లా ఇంకో ఎండాకాలం కూడా దాటిపోయాక, జనవరిలో ఫెరైన్ నుంచి కాగితం వచ్చింది. బిడ్డ చదివి చెప్పింది. తోట అడవిలా అయింది, దడి మనిషి ఎత్తు దాటింది, మే నెలలో తనిఖీకి వస్తాం, అప్పటికి దడి కోసి, కలుపు తీసి, మూడో వంతు నేలలో కూరగాయలు పెట్టి, చెక్కగది తెరిచి చూపించాలి. లేదంటే తోట వదులుకోవాలి. మా తర్వాత ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారట.

“ఇచ్చేద్దామమ్మా. నీకూ శాంతి, నాకూ శాంతి,” అంది.

“ఇచ్చెయ్,” అన్నాను నేను కూడా.

“ఇచ్చేముంగట ఒక్కసారన్న చూసిరావా?”

“ఏం చూడాలె? ఆ అడవి చూస్తెనే నాకు కాళ్లు చేతులు ఆడవు.”

“అంతా ఒక్కసారే చూస్తే ఎవరికైనా భయమైతది. ష్రిట్ ఫ్యూర్ ష్రిట్, ఒక్కొక్క అడుగు అంటరు ఈడ. మా ఆఫీసుల పెద్ద పెద్ద పనులు గిట్లనే చేస్తం. ఇయ్యాల పనేం చెయ్యకు. షూ ఏస్కొని, ట్రామెక్కి, గేటు ముట్టుకొని రా. అంతే.”

“గేటు ముట్టుకొని వచ్చుడేందే? నేనేమన్న మొక్కు మొక్కిన్నా?”

“గదే మొక్కనుకో.”

“ఒక్కొక్క ఆకు కత్తిరించి, ఒక్కొక్క బీడీ చుట్టి నిన్ను పెంచిన్న. ఇప్పుడు నువ్వు నాకు కొంచెం కొంచెం చేసుడు నేర్పుతవా?”

“నేర్పుతలేనమ్మా, యాది చేస్తున్న.”

ఈ పిల్ల మాటకు మాట ఇస్తుంది. ఎవరి బిడ్డ మరి.

పోయాను. గేటు ముట్టుకున్నాను. ఇనుము ఎంత చల్లగా ఉందంటే చెయ్యి అంటుకుపోయింది. లోపల ఎండిన ముళ్లతీగలు నడుం దాకా అల్లుకున్నాయి. బెండకు వేసిన ప్లాస్టిక్ కవరు చిరిగి గాలికి కొట్టుకుంటోంది. ఆ వెనక చెక్కగది. తలుపుకు తాళం. ఆ తాళం చూడగానే నా నోటి నుంచి నాకే తెలియకుండా వచ్చేసింది.

“ఏమయ్యా! మట్టి దించినవా? కడుపు నిండిందా? ఫెరైన్ వాళ్లు శాలువ కప్పిన్రా నీకు?”

అంత గట్టిగా అరిచి ఎన్ని నెలలైందో. ఒక రైలు పోతోంది. దాని చప్పుడులో ఇంకా అరిచాను. దడి ఎత్తుగా ఉంది, ఎవరూ కనబడలేదు. చీపురు కర్ర చప్పుడు రాలేదు. గొంతు మండింది గానీ ఛాతీలో ఏదో బరువు కాస్త పక్కకు జరిగింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం పెట్టుకుని తిన్నాను.

“గేటు ముట్టుకున్నవా?” అని అడిగింది బిడ్డ.

“తోట ఇచ్చుడు లేదు,” అన్నాను.

తను చెంచా కంచంలో పెట్టి నా ముఖంలోకి చూసింది. ఏం జరిగిందో నేను చెప్పలేదు. మొగుణ్ణి తిట్టడానికి నాకు చోటు కావాలని ఏ బిడ్డకు చెప్పుకుంటాం?

మర్నాటి నుంచి రోజుకు ఒక బకెట్టు అని తనే కట్టడి పెట్టింది. ఆయన వాడిన నల్ల బకెట్టే. అది నిండేంత కలుపు పీకితే చాలు, మిగిలినది చూడకుండా ఇంటికి వచ్చేయాలి. మొదటిరోజు బకెట్టు నింపి వెనక్కి తిరిగి చూస్తే, ఏమీ పీకనట్టే ఉంది. రెండోరోజూ అంతే. చెంబుతో చెరువు తోడుతున్నట్టు అనిపించింది. కానీ ఒక్కో బకెట్టుకు ఒక్కో తిట్టు చొప్పున వదిలాను. బల్బుకొక బకెట్టు. కుళాయికొక బకెట్టు. తాళంచెవి వెతికిన దొంగ వేషానికి చాలా బకెట్లు పోయాయి. అట్లా ముందు మడి ఒకటి బయటపడింది. ఆయన హద్దుగా పాతిన ఇటుకలు కనిపించాయి.

పక్క తోట ముసలాయన గేటు దగ్గర ఆగి “మోయిన్” అనేవాడు. ఇక్కడ పొద్దునా సాయంత్రమూ పలకరింపు అదే. నేనూ మోయిన్ అనేదాన్ని. నాకు జర్మన్ అంతంతే. ఒకరోజు ఆయన దడి చూపించి, కత్తెర ఆడించినట్టు వేళ్లు ఆడించి, ఫిబ్రవరి అయిపోతే ఇక పెద్ద కోత కోయనివ్వరని, పక్షులు గూళ్లు పెడతాయని రెక్కలాడించి మరీ చెప్పాడు. ఎంత ఎత్తు దాకా ఉంచాలో తన ఛాతీ దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు.

అక్కడే నాకు గాబరా పుట్టింది. బకెట్ల లెక్కన పోతే దడి ఎప్పుడు కోస్తాను? బిడ్డకు చెప్పకుండా ఒక పొద్దంతా నిలబడి దొరికినంత దడి అడ్డదిడ్డంగా నరికాను. కొమ్మలు, ముళ్లతీగలు, పీకిన కలుపు అంతా తోట మధ్య కుప్ప పోశాను. నాకంటే ఎత్తైంది. మా ఊళ్లో చేను బాగుచేసిన తర్వాత చెత్త కుప్పేసి అగ్గి పెడతాం. అందులో వింతేముంది? పిల్లలు చుట్టూ చేరి చలి కాచుకుంటారు కూడా. ఆయన మాంసం కాల్చే పొయ్యి కోసం ఉంచుకున్న నూనె సీసా గది పక్కన దొరికింది. పోసి అంటించాను.

తడి కొమ్మలు కదా, మంట కంటే పొగ ఎక్కువ లేచింది. తెల్లటి పొగ దడి దాటి రైలు పట్టాల మీదికి పోయింది. అయినా నాకు బాగనిపించింది. ఒక్కసారిగా అంతా అయిపోతోంది కదా అనిపించింది. “ఇగో, చూడు, నేను రేపు అనలే. ఇయ్యాలనే జేసిన!” అని ఆయనకు వినిపించేలా అరిచాను.

కాసేపటికి ఫైరింజన్ వచ్చింది. పెద్ద టోపీల మగవాళ్లు పైపు పట్టుకుని లోపలికి వచ్చారు. నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది. వాళ్ల వెనక ఫెరైన్ పెద్దావిడ, ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిన నా బిడ్డ. పెద్దావిడ నెమ్మదిగా ఏదో చెప్పింది. ఇక్కడ తోటలో చెత్త తగలబెట్టకూడదట. ఇది మొదటిసారి కాబట్టి, మనిషి పోయిన ఇల్లు కాబట్టి ఊరుకుంటున్నామని, ఇంకోసారి అయితే తనిఖీ దాకా ఆగేది లేదని.

ట్రామ్ స్టాపులో నా బిడ్డ విరుచుకుపడింది.

“బకెట్టు అన్న కదమ్మా! ఒక్క బకెట్టు! నీకు అంత తొందరేందే?”

“తొందరేందా? మీరు ఒకరోజు జరుపుదాం, ఒక నెల జరుపుదాం అని జరుపుకుంట కూసుంటెనే గదా మనిషి పోయిండు! నువ్వే గదనే ఫోన్ చేసి జరిపించింది!”

స్టాపులో నిలబడ్డవాళ్లంతా మా వైపు చూశారు. వాళ్లకు మాట అర్థం కాలేదు, గొంతు మాత్రం అర్థమైంది. ట్రామ్ వస్తే నా బిడ్డ నాకు దూరంగా వెనక సీట్లో కూర్చుంది. ఇది రాస్తూ ఇప్పుడు కూడా తల ఎత్తడం లేదు. రాయి బిడ్డా. అన్నాను కదా, రాయాల్సిందే.

కొన్నాళ్లు ఇద్దరం ఒకే ఇంట్లో చెరో గదిలో బతికాం. పొద్దున నాకంటే ముందు లేచి వెళ్లిపోయేది. నేను తోటకు పోయేదాన్ని. మధ్యలో సగం కాలి నల్లగా తడిసిన కుప్ప. చేసిన పనికి రెండింతలు పని. ముసలాయన కొమ్మలను ఒకే పొడవుకు కోసి, కట్టలుగా కట్టి, నార తాడుతో బిగిస్తే ఊరి చెత్త కేంద్రంలో తీసుకుంటారని చేతులతో చెప్పాడు. ఒక పాత తాడు ఉండ కూడా దడి మీంచి ఇచ్చాడు.

కోయడం, సర్దడం, తాడు చుట్టడం, బిగించి ముడి వేయడం. నా వేళ్లు నన్ను అడగకుండానే ఆ పని చేసుకుపోయాయి. బీడీల పని కూడా ఇంతే. చాటలో ఆకు అయిపోయిందా అంటే అయిపోతుంది, పొద్దున మళ్లీ నిండుతుంది. కుప్పను చూస్తూ కూర్చున్న ఆడదాని చేతి నుంచి ఒక్క బీడీ రాదు. అప్పట్లో అది నాకు కష్టమనిపించలేదు, బతుకు అంతే అనుకున్నాను. ఈ వయసులో, ఈ చలిలో, చచ్చిన మనిషి పెంచిన దడిని బీడీ కట్టల్లా కట్టుకుంటూ కూర్చోవడం మాత్రం కడుపు మండించింది.

ఒక శనివారం గేటు చప్పుడైంది. నా బిడ్డ. కొత్త కత్తెర ఒకటి, నాకు చేతి తొడుగులు తెచ్చింది. నా ఎదురుగా కూర్చుని తాడు రెండో కొస పట్టుకుంది. నేను చుట్టాను, తను బిగించింది.

“ముడి గట్టిగ ఎయ్,” అన్నాను.

“ఏస్తున్న.”

“గట్లనా ఏసేది? ఆకు జారిపోతది.”

“ఆకు కాదమ్మా, కొమ్మ.”

నాకు నవ్వొచ్చింది, తనకూ వచ్చింది. ఇద్దరం ఆపుకున్నాం. టెర్మిన్ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను తప్పయిందని అనలేదు. తనూ అడగలేదు. ఫిబ్రవరి చివరికల్లా దడి నా ఛాతీ దాకా దిగింది.

ఇక చెక్కగది. తాళంచెవి నా పర్సులోనే ఉంది. ఉల్లి నాటాను, ఆలుగడ్డ పెట్టాను, మెంతి, పాలకూర, కొత్తిమీర చల్లాను. గది తలుపు వైపు మాత్రం వీపు పెట్టే పని చేసేదాన్ని. ఏప్రిల్ వచ్చింది. నా బిడ్డ మళ్లీ తన మంత్రం మొదలుపెట్టింది.

“ఇయ్యాల చెవి తాళంల పెట్టు, అంతే. తిప్పకు.”

“చెవి పెట్టి తిప్పకుంటే తాళమేమనుకుంటది?”

“ఏమన్న అనుకోనీ.”

ఒకరోజు చెవి పెట్టాను. ఒకరోజు తిప్పాను. ఇంకోరోజు తలుపు తెరిచి గుమ్మం బయట నిలబడ్డాను. లోపల ఉల్లిగడ్డలు కుళ్లిన వాసన. మూలన కుర్చీ. కుర్చీ వీపుకు ఆయన జాకెట్టు. నేల మీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఫ్లాస్కు.

శనివారం ఇద్దరం లోపలికి పోయాం. తను కుర్చీ ఎత్తి బయట ఎండలో పెట్టింది. నేను జాకెట్టు దులిపాను. కుళ్లిన గడ్డలు బకెట్టులో వేశాను. ఆఖరున ఫ్లాస్కు మిగిలింది. ఎత్తగానే బరువుగా ఉంది. ఊపితే లోపల కదిలింది. మూత తిప్పి మట్టిలో వంచాను. నల్లగా, బూజు తెట్టెలతో, వాసన కొడుతూ, నిండు ఫ్లాస్కు చాయ్. అల్లం వేసి, బిడ్డ వద్దన్న చక్కెర కూడా వేసి, దారి పొడుగునా చల్లారకూడదని మూత రెండుసార్లు బిగించి ఇచ్చిన చాయ్. ఒక్క గుక్క కూడా తాగలేదు.

“చాయ్ గూడ రేపు తాగుదామనుకున్నడు,” అన్నాను.

నా బిడ్డ గుమ్మం మీద కూలబడి ఏడ్చింది. ఆయన పోయిన తర్వాత నా ముందు ఏడవడం అదే మొదలు. నేను ఏడవలేదు. నాకు మళ్లీ కోపమే వచ్చింది. కుళాయి దగ్గర కూర్చుని ఇసుకతో ఆ ఫ్లాస్కును తోమి తోమి వేళ్లు ఎర్రగా చేసుకున్నాను. వాసన పోలేదు. పారేయమని తను అంది. పారేయలేదు. గదిలో మేకుకు తగిలించాను. తిట్టేటప్పుడు ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి.

మే నెలలో ఫెరైన్ పెద్దావిడ ఇంకో ఇద్దరితో వచ్చింది. కొలత కర్రతో దడి కొలిచారు. మడులు చూశారు. మెంతి ఆకు తుంచి వాసన చూసి ఇదేమిటని అడిగారు. చెక్కగదిలోకి తొంగిచూశారు. నేను మోయిన్ అనడం కూడా మరిచి, ఆయన బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆఖరికి పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఊపి, ఏదో చెప్పి నవ్వింది.

“బాగ చేసినవంటున్నరు. తోట మనదే,” అంది నా బిడ్డ. వాళ్లు గేటు దాటగానే నా భుజం పట్టుకుంది. “చూసినవా? కొంచెం కొంచెం చేస్తే అయిందా లేదా?”

“అయింది. మీ నాయిన గూడ కొంచెం కొంచెమే పోయిండు. రెండో అంతస్తుల నిలబడి పోయిండు. మనం చూడలే.”

ఆఫీసు ఫోన్ వస్తే తను మాట్లాడుకుంటూ ట్రామ్ వైపు నడిచింది. నేను ఒక్కదాన్నే మిగిలాను. తోట నాది. ఇన్ని నెలలు దీని కోసమే కదా వేళ్లు చీల్చుకున్నాను. ఆయన కుర్చీని గది ముందుకు లాగి, ఎదురుగా నిలబడి, ఊపిరి నిండా పీల్చుకున్నాను.

“ఏమయ్యా...”

అప్పుడు కనిపించింది. దడి నా ఛాతీ దాకానే ఉంది. అవతల ముసలాయన నీళ్ల డబ్బా పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఆయన వెనక తోటలో ఎవరో చంటిపిల్లను ఎత్తుకుని నిలబడ్డారు. ఇటు పక్క ఇద్దరు ఆడవాళ్లు బల్ల మీద కాఫీ పెట్టుకుని కూర్చున్నారు. ఆ చివర బాటదాకా మనుషులు, తలలు. నేను అరవడానికి దాచుకున్న చోటును నా చేతులతోనే, రోజుకు కొంచెం చొప్పున, అందరికీ కనబడేలా కోసి పెట్టుకున్నాను.

ముసలాయన డబ్బా కొంచెం పైకెత్తి, “మోయిన్,” అన్నాడు.

“మోయిన్,” అన్నాను.

ఆయన కదలలేదు. నేనూ కదలలేదు. ఇంటికి పోతే కింద చీపురు కర్ర ఉంది. ఇక్కడ వీళ్ల కళ్లు ఉన్నాయి. నాకు ఇంకెక్కడా చోటు లేదు. కుర్చీ వైపు తిరిగాను. కొంగు నడుముకు దోపుకున్నాను.

“ఏమయ్యా! చాయ్ ఏం పాపం జేసింది? అదన్న తాగకపోయినవా?”

ఆడవాళ్లు కప్పులు కింద పెట్టారు. చంటిపిల్ల ఏడుపు అందుకుంది. నేను ఆపలేదు.